మందు లేకుండానే అదుపులో ఉన్నవారికి మందెందుకు?

2004, 2005 సంవత్సరాల్లో గుంటూరు జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి హెచ్‌ఐవీ సర్వే చేశారు. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ తరఫున లలిత్ దండోనా బృందం ఆ పని చేసింది. పల్లెల్లో, పట్నాల్లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసున్న 12,617 మంది రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి పరీక్షకు పంపారు. అప్పటిదాకా ఆసుపత్రులకు వచ్చే గర్భిణుల రక్తం, సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చేవారి రక్తం చూసి జిల్లా మొత్తానికి లెక్క కట్టేవారు. ఆ లెక్క ప్రకారం జిల్లాలో 1,12,600 మందికి హెచ్‌ఐవీ ఉండాలి. ఇంటింటి పరీక్షలో తేలింది 45,900, అంటే వందకు 1.72. ఫలితం 2006లో అచ్చయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా అదే మాట చెప్పడంతో 2007లో దేశం మొత్తం అంచనా యాభై లక్షల పైనుంచి పాతిక లక్షలకు దిగింది. దేశం లెక్క సరిదిద్దుకోవడానికి తోడ్పడిన జిల్లా మనది.

మన ఎడ్లపాడు కూడా అప్పుడు గుంటూరు జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లాలోకి వచ్చింది. కోల్‌కతా నుంచి చెన్నై వెళ్ళే జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. పక్కన స్పిన్నింగ్ మిల్లులు, వంకాయలపాడులో స్పైసెస్ పార్కు, ఇంకాస్త దూరంలో కొండవీడు కొండలు. కూలికి, కిరాయికి, సరుకుకు మనుషులు వచ్చిపోతూనే ఉండే చోటు.

ఇంటింటి సర్వే కూడా విడదీసి చూపలేని ఒక చిన్న గుంపు ఆ 45,900 మందిలో ఉండి తీరాలి. వాళ్ళ రక్తంలో హెచ్‌ఐవీకి యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి పరీక్ష పాజిటివ్ అనే చెబుతుంది. వైరస్ కోసం మామూలు పరీక్షలో వెతికితే మాత్రం దొరకదు. ఒక్క మాత్ర వేసుకోకపోయినా మిల్లీలీటరు రక్తంలో వైరస్ కాపీలు 50 లోపే. వీళ్ళను వైద్యులు ఎలీట్ కంట్రోలర్లు అంటారు. సొంత శరీరమే వైరస్‌ను అణచి ఉంచిన మనుషులన్నమాట. వైరస్ సోకినవారిలో వెయ్యికి ముగ్గురు నుంచి అయిదుగురు ఇలాంటివారు ఉంటారని అంచనా. ఆ లెక్కన ఆనాటి గుంటూరు జిల్లాలో సుమారు నూటనలభై నుంచి రెండు వందల ముప్పయి మంది ఉండి ఉండాలి. 50 దాటి 2,000 కాపీల లోపు నిలిచే మరో తరగతి వీరికంటే పెద్దది. ఈ రెండు తరగతుల వారికీ మందు ఇవ్వాలా వద్దా అన్నది ఈ అధ్యాయంలో తేల్చుకోవలసిన సంగతి.

*

మన దేశంలో హెచ్‌ఐవీ బయటపడింది 1986లో, చెన్నైలో. డాక్టర్ సునీతి సాలమన్ పర్యవేక్షణలో సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాల్లో అది దొరికింది. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ (వైరస్‌ను అణచే) మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో పాజిటివ్ అని తేలినంత మాత్రాన మందు ఇచ్చేవారు కాదు. హెచ్‌ఐవీ దెబ్బకు తగ్గిపోయే సీడీ4 అనే రోగనిరోధక కణాల సంఖ్య 200 కిందికి పడిపోవాలి. ఆ గీతను తర్వాత 350కి, ఆ తర్వాత 500కి జరిపారు. గీతకు పైన ఉన్నవారి పేరు ప్రీ-ఏఆర్‌టీ రిజిస్టరులో రాసి, ఆరు నెలలకోసారి సీడీ4 పరీక్షకు రమ్మనేవారు. కొందరు అలా ఏళ్ళ తరబడి వచ్చారు. ప్రతిసారీ అంకె 600, 700, 800. మాత్ర అవసరం పడలేదు.

ఎడ్లపాడు దగ్గర మిల్లులో పనిచేసే అలాంటి ఒకామెను ఊహించుకుందాం. ఏ ఒక్కరి కథా కాదు. ఏఆర్‌టీ సెంటర్ల కౌన్సిలర్ల ముందుకు ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. 2006లో కాన్పుకు ముందు చేసిన పరీక్షలో పాజిటివ్ అని తెలిసింది. భర్త పోయాడు. తనకు మాత్రం పదకొండేళ్ళుగా ఏమీ కాలేదు. 2017లో సెంటరు నుంచి ఫోను వచ్చింది.

“అమ్మా, ఇప్పుడు అందరికీ మందులు మొదలుపెట్టమని ఆర్డరొచ్చింది. ఒకసారి రావాలి.”

“నాకేమైంది సార్? ఇన్నేళ్ళూ ఒక్క బిళ్ళ మింగలేదు. బాగానే ఉన్నా గదా. ఆ బిళ్ళలు వాడి మా బజారులో ఒకామెకు రక్తం పడిపోయింది. ఇంకొకాయనకు బుగ్గలు లోపలికి పోయి ఎవరూ గుర్తుపట్టడం లేదు. నేనెందుకు వేసుకోవాలి?”

ఆమె మాటలో అబద్ధం లేదు. తొలినాళ్ళ మందుల్లో జిడోవుడిన్ కొందరిలో రక్తం తగ్గించేది. స్టావుడిన్ వాడినవారికి బుగ్గల్లో, చేతుల్లో కొవ్వు కరిగిపోయేది, అరికాళ్ళలో మంటలు పుట్టేవి. మొహం చూసి జబ్బు పేరు చెప్పే ఊళ్ళో ఆ పీక్కుపోయిన బుగ్గల వల్ల మనుషులు ఎంత కుమిలిపోయారో మాటల్లో చెప్పలేం. కాబట్టి ఆమె ప్రశ్నకు “రూలు మారింది” అన్న జవాబు చాలదు. ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తేనే సరైన జవాబు దొరుకుతుంది.

*

శరీరంలో దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రొటీన్లను ముక్కలు చేసి, ఆ ముక్కలను తన పైపొర మీద పెట్టి చూపిస్తుంది. వాటిని పట్టి ఉంచే అణువుల పేరు హెచ్‌ఎల్‌ఏ. సీడీ8 అనే తెల్లరక్త కణాలు తిరుగుతూ ఆ ముక్కలను తడిమి చూస్తాయి. పరాయి ముక్క తగిలితే ఆ కణాన్ని చంపేస్తాయి. హెచ్‌ఐవీ ఈ పహారాను తప్పించుకునేది వేషం మార్చి. లెక్కలేనన్ని పొరపాట్లతో తన ప్రతులు తీస్తుంది కాబట్టి ఏదో ఒక ప్రతిలో ఆ ముక్క మారిపోయి ఉంటుంది, సీడీ8 కణం దాన్ని గుర్తుపట్టదు.

హెచ్‌ఎల్‌ఏ అణువులు మనిషికీ మనిషికీ వేరు. కొందరికి తల్లిదండ్రుల నుంచి హెచ్‌ఎల్‌ఏ-బి57 అనే రకం వస్తుంది, కొందరికి బి27. ఈ రెండూ వైరస్ లోపలి తొడుగును కట్టే గ్యాగ్ ప్రొటీన్ ముక్కలను ఎంచుకుని చూపిస్తాయి. ఆ ముక్కలను మార్చుకుంటే వైరస్‌కే నష్టం: తొడుగు సరిగ్గా కూడదు, సంతతి నీరసిస్తుంది. తప్పించుకుంటే కుంటిదవుతుంది, తప్పించుకోకపోతే చస్తుంది. అమెరికాలో బాబ్ మాసీ అనే హీమోఫీలియా రోగికి రక్తం గడ్డకట్టించే మందు ద్వారా 1978 ప్రాంతంలోనే వైరస్ సోకింది. ఏళ్ళు గడిచినా అతను జబ్బు పడలేదు. 1990లలో అతని రక్తాన్ని పరిశీలించిన బోస్టన్ వైద్యుడు బ్రూస్ వాకర్, వైరస్ మీద అంత బలంగా విరుచుకుపడే కణాలను చూసి తన పరిశోధన దారినే మార్చుకున్నాడు. 2010లో ఆయన బృందం సుమారు వెయ్యిమంది కంట్రోలర్ల జన్యువులను, మామూలుగా జబ్బు ముదిరిన 2,600 మందికి పైగా జన్యువులతో పోల్చింది. జన్యుపటం మొత్తం గాలిస్తే గట్టిగా తేలిన తేడాలన్నీ ఒక్కచోటే ఉన్నాయి: ఆరో క్రోమోజోములో, హెచ్‌ఎల్‌ఏ జన్యువులున్న ప్రాంతంలో.

బి57లోని 5701 అనే ఉపరకం మన దేశంలో అరుదేమీ కాదు. అబకవిర్ అనే హెచ్‌ఐవీ మందు పడక ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీకి కారణం కూడా ఇదే. కాపాడే జన్యువే ఒక మందు విషయంలో చేటు చేస్తుంది. అయితే బి57 ఉన్న ప్రతివారూ కంట్రోలర్లు కారు. అది లేని కంట్రోలర్లూ ఉన్నారు. రక్తపరీక్షతో ముందే జోస్యం చెప్పే వీలు లేదు.

రెండో సంగతి ఇంకా లోతుగా ఉంది. హెచ్‌ఐవీ తన జన్యువును మన కణాల డీఎన్‌ఏలో అతికిస్తుంది. ఎక్కడ అతుక్కుందన్న దాన్నిబట్టి తర్వాతి కథ నడుస్తుంది. 2020లో బోస్టన్ దగ్గరి రేగన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షూ యూ బృందం 64 మంది ఎలీట్ కంట్రోలర్లను, మందులు వాడుతున్న 41 మందిని పోల్చి చూసింది. మందులు వాడేవారిలో వైరస్ జన్యువు చురుకైన జన్యువుల మధ్యలో కూర్చుని ఉంది. కంట్రోలర్లలో మాత్రం ఎక్కువగా జన్యువులు పనిచేయని మూలల్లో, క్రోమోజోము నడుము దగ్గరి నిద్రాణ ప్రాంతాల్లో చిక్కుకుని ఉంది. నల్లరేగడిలో పడ్డ పత్తి గింజ మొలకెత్తి కాస్తుంది, కొండవీడు కొండ మీద రాతి నెర్రెలో పడ్డ గింజ చావదు గానీ మొలవదు. నల్లరేగడి లాంటి చోట్లలో అతుక్కున్న వైరస్ మొలకెత్తగానే కంట్రోలరు సీడీ8 కణాలు ఆ కణాన్ని చంపేస్తాయి. ఏళ్ళ తరబడి అలా ఏరివేయగా మిగిలేవి రాతి నెర్రెల్లోని గింజలే. వైరస్ తెలివిగా చోటు ఎంచుకోవడం ఏమీ లేదు.

అరుదుగా అవీ మిగలవు. అర్జెంటీనాలోని ఎస్పెరాంజా పట్టణానికి చెందిన ఒకామెకు 2013లో హెచ్‌ఐవీ అని తేలింది. వందకోట్లకు పైగా రక్తకణాలను, కాన్పు తర్వాత తీసిన మాయలోని కోట్లాది కణాలను గాలించినా, ప్రతులు తీయగల చెక్కుచెదరని వైరస్ ఒక్కటీ దొరకలేదు. ఆ వివరాలు 2021లో అచ్చయ్యాయి. అంతటి మనిషికి కూడా గర్భంతో ఉన్నప్పుడు ఆరు నెలలపాటు ఏఆర్‌టీ మందులు ఇచ్చారు, బిడ్డకు సోకకుండా. బిడ్డ హెచ్‌ఐవీ లేకుండా పుట్టింది. కాన్పు అయ్యాక ఆమె మందులు ఆపేసింది. ఇన్ని కణాలు వెతికితే తప్ప “లేదు” అనలేని విషయాన్ని “నాకేమీ లేదులే” అని ఎవరూ ఊహతో తేల్చుకోలేరు.

*

ఇక మిల్లు దగ్గరి ఆమె ప్రశ్నకు వద్దాం. వైరస్ అదుపులోనే ఉంటే, మందు ఏం చేస్తుంది?

అదుపు ఊరికే రాదు. సీడీ8 కణాలు రోజూ, రాత్రీపగలూ పహారా కాస్తూ ఉండాలి. మామూలు పరీక్షలో వైరస్ కనబడకపోయినా, పేగు గోడల్లో, లింఫు గ్రంథుల్లో అది కొద్దికొద్దిగా పుడుతూనే ఉంటుంది. దాని వెంట పడే కణాలు అలసిపోతాయి, చుట్టూ వాపు రేపుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 2008లో చూపించినదేమిటంటే, ఎలీట్ కంట్రోలర్లలో రోగనిరోధక కణాల ఉద్రేకం వైరస్ లేనివారి కంటే ఎక్కువ. మెడ దగ్గరి రక్తనాళాల గోడలు వైరస్ లేనివారి కంటే మందంగా ఉన్నాయని మరుసటి ఏడు తేలింది. 2015లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం ఆసుపత్రుల్లో చేరినవారి లెక్క తీసింది. మందులతో వైరస్‌ను అదుపు చేసినవారి కంటే, మందుల్లేకుండా అదుపు చేసుకున్నవారే ఎక్కువసార్లు ఆసుపత్రిలో చేరారు. వారిలో గుండెజబ్బులు ముందు వరసలో ఉన్నాయి. ఇలాంటి లెక్కల్లో పొగతాగడం, ఇతర జబ్బులు కలిసిపోతాయి కాబట్టి తేడా అంతా హెచ్‌ఐవీదే అని గట్టిగా అనలేం. కానీ “బాగానే ఉన్నా గదా” అన్న మాట వెనుక శరీరం ఎంత మూల్యం చెల్లిస్తోందో మాత్రం కనబడింది.

మరి మందు ఇస్తే ఆ మూల్యం తగ్గుతుందా? రెండు ప్రయత్నాలు చెప్పుకోదగ్గవి. 2013లో అచ్చయిన మొదటిదానిలో 16 మంది కంట్రోలర్లకు 24 వారాలు మందులు ఇచ్చారు. అతి సున్నితమైన పరీక్షకు మాత్రమే దొరికే వైరస్ కూడా తగ్గింది. రక్తంలోనూ పేగు కణజాలంలోనూ కణాల ఉద్రేకం తగ్గింది. ఏడేళ్ళ తర్వాత వచ్చిన రెండోదానిలో 35 మందికి మూడు మందులు కలిసిన ఒకే మాత్ర ఇచ్చి చూశారు. సీడీ8 కణాల ఉద్రేకం, అలసట గుర్తులు తగ్గాయి. అప్పటికే బాగున్న సీడీ4 సంఖ్య పెద్దగా పెరగలేదు. దుష్ఫలితాల వల్ల మాత్ర మానేయాల్సి రావడం అంత సమస్య కాలేదు.

పదహారు మంది, ముప్పయి అయిదు మంది. ఇంత చిన్న సంఖ్యలతో గుండెపోట్లు తగ్గాయో లేదో తేల్చలేం. అందుకు వేలమంది కంట్రోలర్లు కావాలి, వాళ్ళు ప్రపంచమంతా చెదిరి ఉన్నారు. 2015లో అచ్చయిన స్టార్ట్ అధ్యయనంలో 35 దేశాల నుంచి సీడీ4 500 పైన ఉన్న 4,685 మంది పాల్గొన్నారు. వెంటనే మందు మొదలుపెట్టినవారిలో తీవ్రమైన జబ్బులు, మరణాలు 57 శాతం తగ్గాయి. కానీ అందులో అత్యధికులు కంట్రోలర్లు కారు. కాబట్టి కంట్రోలర్ల విషయంలో సాక్ష్యం ఒకవైపే మొగ్గుతోంది గానీ, తీర్పు చెప్పేంత బరువు దానికింకా రాలేదు. ఈ నిజాన్ని దాచి మందు మింగించడం నాకు ఇష్టం లేదు. నిజం తెలిసి వేసుకున్న మాత్రను మనిషి మధ్యలో ఆపడు.

నేనైతే వేసుకోమనే చెబుతాను. కారణాల్లో మొదటిది, అదుపు శాశ్వతం కాదు. ఏళ్ళ తరబడి నిలిచిన అదుపు కొందరిలో తప్పుతుంది. ముందు రక్తంలో అక్కడక్కడా కాపీలు కనబడతాయి, తర్వాత సీడీ4 జారుతుంది. దాన్ని సకాలంలో పట్టుకోవాలంటే మందు వాడనివారికి కొన్ని నెలలకోసారి వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ కాపీల లెక్క, జరగాలి. మిరపకోతలకు కర్నూలు వైపు నుంచి వచ్చి నెలల తరబడి గుడిసెల్లో ఉండి వెళ్ళే కూలీకి, వారం తప్పకుండా రాష్ట్రాలు దాటే లారీ డ్రైవరుకు ఆ పహారా ఎవరు కాస్తారు? బోస్టన్ క్లినిక్‌లో కుదిరే పద్ధతి ఇక్కడ కుదరదు. రెండోది, అదుపు తప్పిన రోజుల్లో జీవిత భాగస్వామికి సోకే ప్రమాదం తిరిగి వస్తుంది. చెన్నై, పుణెలు కూడా భాగమైన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం 1,763 జంటల మీద జరిగింది. ముందుగా మందు మొదలుపెడితే జంటలో రెండోవారికి సోకడం 96 శాతం తగ్గుతుందని అది 2011లో చూపించింది.

*

2017 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వం “అందరికీ చికిత్స” విధానం ప్రకటించింది. సీడీ4 ఎంతున్నా, పాజిటివ్ అయితే మందు. ఆ విధానంలో, మందు మొదలుపెట్టే ముందు వైరల్ లోడ్ తప్పనిసరిగా చూసే పద్ధతి లేదు. ఆరు నెలల తర్వాత, ఏడాదికి, ఆ పైన ఏటా చూస్తారు. ఎడ్లపాడులో ఇవాళ పాజిటివ్ అని తేలిన మనిషి సహజంగానే కంట్రోలరు అయివుండొచ్చు. ఆరు నెలలకు రిపోర్టులో వైరస్ లేదని వస్తుంది. డాక్టరు, కౌన్సిలరు, రోగి అందరూ మందు బాగా పనిచేసిందని సంతోషిస్తారు. ఆ మనిషి ఎవరో ఎప్పటికీ తెలియదు.

శాస్త్రానికి ఇది నష్టమే. పుణెలోని జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థ, చెన్నైలోని క్షయ పరిశోధన సంస్థ ఏళ్ళుగా జబ్బు ముదరనివారి రక్తాన్ని పరిశీలిస్తూ వచ్చాయి. ఎక్కువ పరిశోధన పాశ్చాత్య దేశాల్లోని బి రకం వైరస్ మీద జరిగింది. మన దేశంలో ప్రబలిన సి రకం మీద, మన జన్యువుల మీద ఈ అదుపు ఎలా కుదురుతుందో తెలియడం టీకాకు, పూర్తిగా నయం చేసే చికిత్సకు అవసరం. మందు మొదలుపెట్టకముందు ఒక్కసారి, ఒక్క ట్యూబు రక్తంలో వైరల్ లోడ్ చూసి పక్కన రాసిపెడితే ఈ నష్టం చాలావరకు తీరుతుంది. దానికోసం మందును ఒక్కరోజు కూడా ఆపనక్కర్లేదు. జాతీయ కార్యక్రమం ఈ పరీక్షను చేర్చుకోవాలని నా కోరిక.

ఇప్పుడు ఇచ్చే మాత్ర మిల్లు దగ్గరి ఆమె భయపడ్డ మాత్ర కాదు. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే బిళ్ళ, రోజుకొకటి. దానితో బుగ్గలు పీక్కుపోవు. కానీ దానికీ కొన్ని సంగతులున్నాయి. కొందరికి బరువు పెరుగుతుంది, కొందరికి నిద్ర తగ్గుతుంది, అలాంటివారు డాక్టరుతో మాట్లాడి ఉదయం పూటకు మార్చుకోవచ్చు. టెనోఫోవిర్ మూత్రపిండాల మీద పడకుండా క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఐరన్, కాల్షియం బిళ్ళలను పరగడుపున దీంతో కలిపి వేసుకుంటే డోలుటెగ్రవిర్ ఒంటికి సరిగ్గా పట్టదు. ఆ బిళ్ళలు వాడే గర్భిణులు, బాలింతలు అన్నం తిన్నాక రెండూ కలిపి వేసుకోవచ్చు, లేదా వేళలు దూరంగా పెట్టుకోవాలి. హెపటైటిస్ బి కూడా ఉన్నవారు ఈ మాత్రను చెప్పకుండా ఆపేస్తే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఇందులోని రెండు మందులు ఆ వైరస్‌నూ అణచి ఉంచుతాయి. ఎన్నో ఏళ్ళు మందు లేకుండా బాగున్న మనిషికి “నాలుగు రోజులు మానేస్తే ఏమవుతుందిలే” అనిపించడం సహజం కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

మాత్ర మొదలుపెట్టినా గుండె సంగతి పూర్తిగా తీరిపోదు. 2023లో అచ్చయిన రిప్రీవ్ అధ్యయనంలో ఏఆర్‌టీ వాడుతున్న 7,769 మందిలో కొందరికి పిటవాస్టాటిన్ అనే కొలెస్టరాల్ మందు కలిపి ఇస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి 35 శాతం తగ్గాయి. వైరస్ అణిగాక కూడా రక్తనాళాల్లో పాత వాపు కొంత మిగిలే ఉంటుంది. ప్రీ-ఏఆర్‌టీ రిజిస్టరులో పదేళ్ళు గడిపి ఆ తర్వాత మందు మొదలుపెట్టినవారు, ఏటా వైరల్ లోడ్‌కు రక్తమిచ్చే రోజునే బీపీ, షుగరు, కొలెస్టరాల్ కూడా చూడమని అడగండి. చుట్ట, బీడీ అలవాటుంటే అది కూడా డాక్టరుతో చెప్పండి. పాత సీడీ4 కాగితాలు ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్ళండి. మందు మొదలుపెట్టకముందు మీ ఒళ్ళు వైరస్‌తో ఎలా నెగ్గుకొచ్చిందో డాక్టరుకు చూపించడానికి వాటిని మించిన ఆధారం మీ దగ్గర లేదు.